ఇరవై ఏడుగురు పిల్లలున్న ప్రాథమిక బడి ఏడాది పాటు నడవడానికి పదివేలు సరిపోతాయా?

ప్రశ్న
రాసినవారు: బడి కమిటీ తల్లి, ప్రకాశం జిల్లా

అందరికీ నమస్కారం. మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీకి నేను అధ్యక్షురాలిని. 2024 ఆగస్టులో జరిగిన ఎన్నికల్లో తోటి తల్లిదండ్రులు నన్ను ఎన్నుకున్నారు. నేను ఇంటర్ వరకే చదువుకున్నాను కాబట్టి ప్రభుత్వ లెక్కలు నాకు పూర్తిగా అర్థం కావు. అయినా మినిట్స్ పుస్తకంలో ప్రతి నెలా సంతకం పెడుతున్నప్పుడు ఆ సంతకానికి అర్థమేమిటో తెలుసుకోవాలన్న ఆరాటంతో ఈ ప్రశ్న అడుగుతున్నాను.

మా బడిలో మొన్నటి వరకు 34 మంది పిల్లలుండేవారు. ఐదో తరగతి పూర్తయిన వాళ్లు వెళ్లిపోవడం, రెండు కుటుంబాలు పనుల కోసం వలస పోవడం, ఒక ఇంటివాళ్లు తమ పిల్లవాడిని వ్యాను ఎక్కించి ప్రైవేటు బడికి పంపడం వల్ల ఇప్పుడు 27 మంది మిగిలారు. పిల్లల సంఖ్య ముప్ఫై దాటకపోతే బడి నడపడానికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు ఏడాదికి 25,000 నుంచి 10,000కు పడిపోతుందని మా హెచ్ఎం గారు చెప్పారు. అందులో కనీసం పదోవంతు పరిశుభ్రత కోసమే వాడాలట. ఏడుగురు పిల్లలు తగ్గితే పదిహేను వేలు తగ్గడం ఏ లెక్కన న్యాయమో నాకు బోధపడలేదు. పిల్లలు తగ్గారని బడి గది చిన్నదవలేదు, ఫ్యాన్లు తక్కువ తిరగడం లేదు, ఊడ్చే నేల తగ్గలేదు.

ప్రభుత్వ బడులను బాగుచేయడానికి తెచ్చిన నాడు-నేడు పనుల్లో మా బడి బాగుపడింది. గోడలకు రంగులు, నీళ్లు వచ్చే మరుగుదొడ్లు, ఫ్యాన్లు, ఆకుపచ్చ బోర్డులు, ఆర్వో యంత్రం, స్మార్ట్ టీవీ అన్నీ వచ్చాయి. అందుకు నేను మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నాను, ఎందుకంటే నేను చదువుకున్న రోజుల్లో అదే బడిలో ఆడపిల్లలం మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా ఉండేవాళ్లం. అయితే వస్తువుతో పాటు దాన్ని నడిపే ఖర్చు కూడా వస్తుందన్న సంగతిని ఎవరూ లెక్కలోకి తీసుకున్నట్లు లేదు. ఇదివరకు రెండు బల్బులకు వచ్చే కరెంటు బిల్లు ఇప్పుడు నెలకు ఆరేడు వందలు వస్తోంది, అంటే ఏడాదికి ఏడు వేలకు తగ్గదు. ఆర్వో ఫిల్టర్లు మార్చడానికి మెకానిక్ మూడు వేల ఐదు వందలు అడిగాడు. ఈ రెండింటికే పదివేలు దాటిపోయాయి. ఇక చాక్‌పీసులు, రిజిస్టర్లు, చీపుర్లు, ఫినాయిల్, కుళాయి వాషర్లు, ఆగస్టు 15న పిల్లలకు పంచే బిస్కెట్లు, ఇవన్నీ మా హెచ్ఎం గారు సొంత డబ్బుతో కొంటున్నారు. ఆమె ఏనాడూ ఆ మాట పైకి అనలేదు కానీ, దుకాణంలో ఆమె డబ్బు ఇస్తుండగా నేను చూశాను.

ఇంకొక సందేహం కూడా ఉంది. పిల్లలను బడికి పంపే తల్లులకు ప్రభుత్వం డబ్బు ఇచ్చే తల్లికి వందనం పథకం కింద ఒక్కో పిల్లవాడికి 15,000 అని ప్రకటించి, 13,000 తల్లి ఖాతాలో వేసి, మిగిలిన 2,000 విద్యాసంస్థల నిర్వహణకు కేటాయించారు. అంతకు ముందున్న ఇలాంటి అమ్మఒడి పథకంలో కూడా మొదట మరుగుదొడ్ల నిర్వహణకు వెయ్యి, తర్వాత మొత్తం రెండు వేలు ఇలాగే మినహాయించేవారు. మా బడిలో 27 మంది పిల్లలకూ డబ్బు పడిందనుకుంటే, ఆ లెక్కన నిర్వహణకు 54,000 ఉండాలి. అది బడికి ఏ రూపంలో తిరిగి వస్తోందో అడిగిన చోట సమాధానం దొరకలేదు. బడి నిర్వహణ ప్రభుత్వ బాధ్యత అయినప్పుడు తల్లికి ఇస్తామన్న డబ్బులో నుంచి దాన్ని తీయడం సబబేనా? ఒక బడికి ఎంత డబ్బు అవసరమో అసలు ఎవరు, ఏ పద్ధతిలో నిర్ణయిస్తారు? కమిటీ తరఫున మేము ఎవరిని, ఏమని అడగాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు 1
రాసినవారు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

అమ్మా, మీ ప్రశ్న చదివాక ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నేను రాసిన వినతిపత్రాలన్నీ గుర్తొచ్చాయి. మీ లెక్క సరైనదే. మీరు చెప్పిన గ్రాంటు, 2018లో సర్వశిక్షా అభియాన్‌ను, మాధ్యమిక శిక్షా అభియాన్‌ను, ఉపాధ్యాయ విద్య పథకాన్ని కలిపి తెచ్చిన సమగ్ర శిక్షలో భాగం. దీని ఖర్చును మన రాష్ట్రానికి సంబంధించి కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో భరిస్తాయి. 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి 25,000, 250 మంది వరకు 50,000, వెయ్యి మంది వరకు 75,000, అంతకు మించితే లక్ష అన్నది మెట్ల వరస. మీ బడి ఈ వరసలో అట్టడుగు మెట్టుకు జారింది.

ఈ మెట్లను తల ఒక్కింటికి లెక్కగట్టి చూడండి. 30 మంది ఉన్న బడిలో పిల్లవాడికి ఏడాదికి 333 రూపాయలు వస్తే, ఒక్క పిల్లవాడు ఎక్కువున్న పక్క ఊరి బడిలో 806 రూపాయలు వస్తుంది. సరిగ్గా వంద మంది ఉన్న బడిలో 250 వస్తే, నూట ఒకటో పిల్లవాడు చేరగానే తలకు 495 అవుతుంది. వెయ్యి మంది ఉన్న ఉన్నత పాఠశాలలో 75 రూపాయలకు పడిపోతుంది. ఇందులో చిన్న బడికి మేలు చేయాలన్న ఉద్దేశమూ లేదు, పెద్ద బడికి మేలు చేయాలన్న ఉద్దేశమూ లేదు. లెక్క సులువుగా ఉండాలని గీతలు గీశారు, ఆ గీతకు ఇవతల పడిన బడి నష్టపోతోంది.

ఇప్పటివాళ్లకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. సర్వశిక్షా అభియాన్ కాలంలో గ్రాంటుకు పిల్లల సంఖ్యతో సంబంధం ఉండేది కాదు. ప్రాథమిక బడికి స్కూలు గ్రాంటు 5,000, ప్రాథమికోన్నత బడికి 7,000 ఇచ్చేవారు. మూడు గదుల వరకు ఉన్న బడికి మరమ్మతుల గ్రాంటు మరో 5,000, అంతకు మించిన గదులుంటే 10,000 వచ్చేది. బోధన సామగ్రి కోసం ఉపాధ్యాయుడికి 500 చొప్పున ఇచ్చేవారు. రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉన్న మీ వంటి బడికి ఆ లెక్కన ఏడాదికి 11,000 వచ్చేది. నాడు-నేడు లేని రోజుల్లో, స్మార్ట్ టీవీ, ఆర్వో యంత్రం లేని రోజుల్లో, చాక్‌పీసు డబ్బా ధర ఇప్పటి ధరలో సగం కూడా లేని రోజుల్లో వచ్చిన మొత్తం అది. ఈ రోజు మీకు 10,000 అంటున్నారు. మీ బడికి డబ్బు పెరగకపోగా తగ్గింది. అప్పటి పద్ధతిలో డబ్బు చాలినంత ఉండేదని నేను అనను, కానీ గదిని బట్టి మరమ్మతు గ్రాంటు ఇవ్వడంలో ఒక వివేకం ఉండేది, ఎందుకంటే కారే కప్పు కింద పది మంది కూర్చున్నా యాభై మంది కూర్చున్నా కప్పు మరమ్మతుకు అయ్యే ఖర్చు ఒక్కటే.

ఇక ఎంత డబ్బు కావాలో ఎవరు నిర్ణయిస్తారని అడిగారు. విద్యాహక్కు చట్టం ప్రకారం దీన్ని నిర్ణయించే పని మొదలు కావలసింది మీ కమిటీ నుంచే. 2009 నాటి ఆ చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని 21వ సెక్షన్ కమిటీ గురించి చెబుతుంది. 22వ సెక్షన్ ఆ కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలని చెప్పి, అంతటితో ఆగకుండా, ప్రభుత్వం లేదా స్థానిక సంస్థ వేసే ప్రణాళికలకు, ఇచ్చే గ్రాంట్లకు ఆ ప్రణాళికే ప్రాతిపదిక కావాలని స్పష్టంగా అంటుంది. చట్టం చెప్పినట్లయితే మీరు ముందు అవసరం రాయాలి, దాన్ని బట్టి డబ్బు రావాలి. జరుగుతున్నది మాత్రం దీనికి తలకిందులుగా ఉంది. పైన మెట్లు గీసి డబ్బు పంపుతారు, ఆ డబ్బుకు సరిపోయేలా కింద ప్రణాళిక రాయిస్తారు. నేను కూడా చాలా ఏళ్లు అలాగే రాశాను. కమిటీ సభ్యులను పిలిచి, ఖాళీలు నింపిన కాగితం మీద వేలిముద్రలు వేయించుకున్న సందర్భాలున్నాయి. ఆ తప్పు నాది.

డబ్బు ఎంత అన్నది ఒక ఎత్తు అయితే, ఎప్పుడు వస్తుందన్నది మరొక ఎత్తు. బడి జూన్‌లో తెరుస్తారు, ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది. గ్రాంటు చాలాసార్లు ఏడాది చివర్లో చేరుతుంది. 2021 జూలైలో ఒక్కో కేంద్ర పథకం సొమ్మంతా రాష్ట్ర స్థాయిలో ఒకే ఖాతాలో ఉంచే పద్ధతి వచ్చింది. బడి పేర ఉండేది నిల్వ లేని ఖాతా, అందులో ఖర్చుకు అనుమతించిన పరిమితి మాత్రమే కనిపిస్తుంది. దీనివల్ల డబ్బు ఖాతాల్లో ఊరికే పడి ఉండటం తగ్గిందన్నది నిజమే. కానీ మార్చి ఆఖరి వారంలో పరిమితి వచ్చి, బిల్లు సకాలంలో ఎక్కకపోతే ఆ డబ్బు బడికి అందకుండానే పోతుంది. జూన్‌లో మోటారు కాలిపోతే ఫిబ్రవరి దాకా ఆగే ఓపిక పిల్లల దాహానికి ఉండదు కదా. అందుకే హెచ్ఎంలు జేబులో నుంచి పెడతారు. మీ హెచ్ఎం గారి వంటివారు మంచివారే, కానీ ఒక ఉద్యోగి మంచితనం మీద ఆధారపడి నడిచే బడికి తగినంత నిధులున్నాయని ఎవరూ అనలేరు.

మీరు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. ప్రణాళికను ఈసారి రాబోయే డబ్బును బట్టి కాకుండా, నిజమైన అవసరాన్ని బట్టి రాయండి. కరెంటు బిల్లుల నకళ్లు, మెకానిక్ రాసిచ్చిన అంచనా దానికి జత చేయండి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందే, అంటే డిసెంబరు లోపే, దాన్ని పూర్తి చేసి మండల విద్యాధికారి (ఎంఈఓ) ద్వారా సమగ్ర శిక్ష జిల్లా కార్యాలయానికి పంపండి. తాగునీరు, మరుగుదొడ్ల విషయంలో గ్రామ పంచాయతీని కూడా అడగవచ్చు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలన్న షరతు ఉండేది. మీ ఆర్వో ఫిల్టర్లను పంచాయతీ తాగునీటి పద్దులో పెట్టమని గ్రామసభలో అడిగితే తప్పేమీ లేదు. సర్పంచ్ గారు ఒప్పుకుంటే పని వారంలో అవుతుంది.

జవాబు 2
రాసినవారు: ఆడిట్ శాఖలో పనిచేసినవాడు, విజయవాడ

అధ్యక్షురాలు గారి ఆవేదన అర్థమవుతోంది. అయితే ఈ చర్చలో గ్రాంటు గురించే మాట్లాడి, ఉపాధ్యాయుల జీతాలను పక్కన పెట్టడం వల్ల అసలు బొమ్మ కనిపించడం లేదని నా అభిప్రాయం. చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. ఉదాహరణకు ఒక్కొక్కరి జీతం నెలకు యాభై వేలు అనుకుందాం. 27 మంది ఉన్న బడిలో ఏడాదికి పన్నెండు లక్షలు, అంటే పిల్లవాడికి 44,000 పైచిలుకు అవుతుంది. అదే 120 మంది ఉన్న బడిలో నలుగురు ఉపాధ్యాయులుంటే పిల్లవాడికి 20,000 అవుతుంది. కాబట్టి చిన్న బడి మీద ప్రభుత్వం తక్కువ ఖర్చు పెడుతోందనడం సరికాదు. తలసరి చూస్తే రెండింతలకు పైగా పెడుతోంది, అయినా ఆ చిన్న బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు ఐదు తరగతులకు చెప్పవలసి వస్తోంది.

2025లో మన రాష్ట్రంలో తెచ్చిన ఆదర్శ ప్రాథమిక పాఠశాలల ఆలోచన దీనికి జవాబుగా వచ్చిందే. తగినంత మంది పిల్లలున్న చోట తరగతికి ఒక ఉపాధ్యాయుడు ఉంటాడు. ఉన్న డబ్బును పలచగా అన్ని బడులకూ చల్లడం కంటే, కొన్ని బడుల్లో చిక్కగా పెట్టడం పిల్లలకే మేలని నేను నమ్ముతున్నాను. న్యాయమంటే ప్రతి గోడకూ సమానంగా డబ్బు పంచడం కాదు, ప్రతి పిల్లవాడికీ మంచి చదువు అందేలా చూడటం. ఈ మాట చిన్న బడుల మీద చులకనతో అనడం లేదు, నేను చదువుకున్నదీ ఏకోపాధ్యాయ పాఠశాలలోనే.

బడి కమిటీ తల్లి సమాధానం

ఆడిట్ శాఖ వారికి నమస్కారం. మీ లెక్క నాకు కొత్త విషయం నేర్పింది, కృతజ్ఞతలు. దాన్ని కాగితం మీద రాసుకుని మా వారితో కలిసి రెండు సార్లు చూశాను. చూశాక నాకు తట్టింది చెబుతాను. మీ లెక్క ప్రకారమే మా బడికి జీతాల కింద పన్నెండు లక్షలు ఖర్చవుతోంది, బడి నడపడానికి పదివేలు ఇస్తున్నారు. అంటే ఉపాధ్యాయుడి మీద నూరు రూపాయలు పెట్టి, ఆయన చేతిలో ఉండాల్సిన చాక్‌పీసుకు, తల మీద తిరగాల్సిన ఫ్యానుకు, పిల్లలు తాగే నీటికి కలిపి ఒక్క రూపాయి కూడా పెట్టడం లేదు. పన్నెండు లక్షలు వృథా కాకుండా ఉండటానికి ఇంకో ముప్ఫై వేలు పెట్టడం దుబారా అవుతుందా?

బడులను కలిపే విషయం కూడా మా ఊళ్లో చర్చకు వచ్చింది. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు కిలోమీటరు లోపు బడి ఉండాలని నిబంధన ఉందట. కలుపుతామన్న బడి మాకు రెండున్నర కిలోమీటర్లు, మధ్యలో లారీలు తిరిగే రోడ్డు దాటాలి. ఆరేళ్ల పిల్లను ఆ రోడ్డు దాటించడానికి తల్లి పొద్దున, సాయంత్రం కూలి పని మానుకోలేదు. ప్రయాణ భత్యం ఇస్తారని చెప్పారు, సమగ్ర శిక్షలో అది ఏడాదికి పిల్లవాడికి 6,000 వరకు ఉందని హెచ్ఎం గారు చెప్పారు. ఆ లెక్కన 27 మందికి 1,62,000 అవుతుంది. పిల్లలను ఊరు దాటించడానికి అంత డబ్బు దొరికేటప్పుడు, ఉన్న ఊళ్లో బడిని నిలబెట్టడానికి అందులో మూడో వంతు ఎందుకు దొరకదు? తరగతికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలన్న మీ మాటతో నాకు విభేదం లేదు. అది మా పిల్లలకూ కావాలి. కానీ బడి దూరమైతే ముందు చదువు ఆగేది ఆడపిల్లదేనని మా ఊళ్లో అందరికీ తెలుసు.

జవాబు 3
రాసినవారు: డాలస్ శివారులో ఉంటున్న కృష్ణా జిల్లావాడు

ఇక్కడి అనుభవం ఒకటి చెబితే ఉపయోగపడుతుందేమోనని రాస్తున్నాను. అమెరికాలో మన తెలుగు కుటుంబాలు ఇల్లు కొనేటప్పుడు ముందు చూసేది అక్కడి బడి ఎలా ఉందన్నదే. బడి మంచిదైతే ఇంటి ధర ఎక్కువ, ఇంటి ధర ఎక్కువైతే ఆస్తిపన్ను ఎక్కువ, ఆ పన్నులో పెద్ద భాగం మళ్లీ అదే బడికి వెళుతుంది. ధనవంతుల పేటలో బడి ఇంకా బాగుపడుతుంది, పేదల పేటలో బడి అక్కడే ఉండిపోతుంది. ఈ చక్రం మీద పోరాడినవారు మా టెక్సస్ రాష్ట్రంలోనే ఉన్నారు. శాన్ ఆంటోనియో నగరంలోని ఎడ్జ్‌వుడ్ అనే పేద ప్రాంతానికి చెందిన డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి, మరికొందరు తల్లిదండ్రులు కలిసి కోర్టుకు వెళ్లారు. ఎడ్జ్‌వుడ్ ప్రజలు అలమో హైట్స్ అనే సంపన్న ప్రాంతం వారికంటే ఎక్కువ రేటున పన్ను కడుతున్నా, 1967-68లో అక్కడ ఒక్కో పిల్లవాడికి దక్కింది 356 డాలర్లయితే, అలమో హైట్స్‌లో 594 డాలర్లు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో వారి వాదనను తోసిపుచ్చింది. విద్య అమెరికా రాజ్యాంగం ప్రకారం ప్రాథమిక హక్కు కాదన్నది ఆ తీర్పు.

ఆ తల్లిదండ్రులు అంతటితో ఆగలేదు. 1989లో ఎడ్జ్‌వుడ్ ప్రాంతం వేసిన కేసులో టెక్సస్ రాష్ట్ర సుప్రీంకోర్టు అక్కడి నిధుల పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 1993 నుంచి సంపన్న ప్రాంతాల బడి పన్నులో కొంత భాగాన్ని పేద ప్రాంతాలకు మళ్లించే ఏర్పాటు నడుస్తోంది. మన వాళ్లు ఎక్కువగా ఉండే ప్లేనో వంటి చోట్ల దీని మీద ఇప్పటికీ అసంతృప్తి ఉంది. ఇక్కడి సూత్రంలో నాకు నచ్చిన అంశం ఏమిటంటే పిల్లలందరికీ ఒకే లెక్క ఉండదు. పేద ఇంటి పిల్లవాడికి, ఇంగ్లీషు రాని పిల్లవాడికి, వైకల్యం ఉన్న పిల్లవాడికి అదనపు బరువు కలిపి లెక్కిస్తారు. కొద్దిమంది పిల్లలే ఉన్న స్థానిక విద్యా జిల్లాలకు తలసరి ఖర్చు ఎక్కువవుతుందని గుర్తించి వాటికి ప్రత్యేకంగా కొంత కలుపుతారు. అధ్యక్షురాలు గారు అడిగిన ప్రశ్నకు ఇది దగ్గరి జవాబు. పిల్లల సంఖ్యతో నిమిత్తం లేకుండా బడి తెరిచి ఉంచడానికి ఒక కనీస మొత్తం, దాని మీద పిల్లల సంఖ్యను, వారి అవసరాన్ని బట్టి కొంత ఇస్తే, ముప్ఫై దగ్గర గోతిలో పడినట్లు పడే పరిస్థితి ఉండదు.

ఇంకొక మాట నా గురించి చెప్పాలి. నేనూ నా మిత్రులూ కలిసి మా సొంత ఊరి ఉన్నత పాఠశాలకు బెంచీలు, కంప్యూటర్లు, ఒక గది కట్టించాం. చాలా ఆనందపడ్డాం. రెండేళ్ల తర్వాత వెళ్లినప్పుడు పక్క ఊరి బడి చూశాను. ఆ ఊరి నుంచి విదేశాలకు వెళ్లినవారు ఎవరూ లేరు. అక్కడ పిల్లలు నేల మీదే కూర్చున్నారు. నేను టెక్సస్‌లో ఏ అన్యాయాన్ని చూసి బాధపడుతున్నానో, దాన్నే దానం పేరుతో మా మండలంలో పునరావృతం చేశానని ఆ రోజు అర్థమైంది. దానం మానేయమని నేను అనడం లేదు. కానీ డెల్టా ఊళ్లకు దాతలుంటారు, ఏజెన్సీ గూడేలకు, ప్రకాశం మెట్ట ప్రాంతానికి ఎందరుంటారు? పూర్వ విద్యార్థుల సహకారంతో బడులను నడుపుకోవాలని ప్రభుత్వాలు చెప్పినప్పుడల్లా నాకు ఆ పక్క ఊరి బడే గుర్తొస్తుంది.

భారతదేశానికి ఒక బలం ఉంది. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 21-ఎ అధికరణం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కు చేసింది. దానికి పునాది వేసిన 1993 నాటి ఉన్నికృష్ణన్ తీర్పు వచ్చింది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న కేసులోనే. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులకు 1973లో దొరకని ఆధారం మీ చేతిలో ఉంది.

జవాబు 4
రాసినవారు: ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్), నల్గొండ జిల్లా

తెలంగాణ నుంచి క్లుప్తంగా రెండు విషయాలు. 2024లో మా ప్రభుత్వం సర్కారు బడులకు ఉచిత విద్యుత్తు ప్రకటించింది. మీ పదివేలలో ఏడు వేలు మింగుతున్న ఖర్చు అదే కాబట్టి, మీ రాష్ట్రంలోనూ దీన్ని అడగడం న్యాయమైన కోరిక. అదే ఏడాది పారిశుద్ధ్యానికి నెలవారీ గ్రాంటు కూడా మొదలైంది. ముప్ఫై మంది లోపు బడికి నెలకు 3,000, ఆ పైన పిల్లల సంఖ్యను బట్టి 20,000 వరకు ఇస్తారు. ఇక్కడా మెట్టు ముప్ఫై దగ్గరే ఉంది, ఆ బాధ మాకూ ఉంది. అయినా మా బడిలో మరుగుదొడ్లు కడిగే మనిషి వస్తోంది, అంతకు ముందు ఆ పని ఎవరు చేసేవారో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

రెండోది మొత్తం డబ్బు గురించి. 2025-26 తెలంగాణ బడ్జెట్ 3,04,965 కోట్లలో విద్యకు 23,108 కోట్లు, అంటే దాదాపు ఏడున్నర శాతం. జాతీయాదాయంలో ఆరు శాతం విద్యకు పెట్టాలని 1966లో కొఠారి కమిషన్ చెప్పింది, 1968, 1986, 2020 విద్యా విధానాలు మూడూ అదే మాటను మళ్లీ చెప్పాయి. కేంద్రం ఆదాయపు పన్ను మీద వసూలు చేసే నాలుగు శాతం ఆరోగ్య, విద్యా సెస్సు రాష్ట్రాలతో పంచుకునే పన్నుల్లోకి రాదు. రాష్ట్రాలు కేంద్రం వైపు, కేంద్రం రాష్ట్రాల వైపు చూపిస్తుంటే బడికి చేరేది చివరికి మిగిలింది మాత్రమే. అందరి వద్దా కొరత ఉందని తెలిసినా, అడగడం మానకూడదు.

బడి కమిటీ తల్లి సమాధానం

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వచ్చే శనివారం కమిటీ సమావేశం పెట్టాం. ప్రణాళికలో ఏడాదికి కావలసినది బిల్లులతో సహా రాస్తాం. నేను ఇప్పటికి వేసిన లెక్క కరెంటు, ఫిల్టర్లు, బోధన సామగ్రి, శుభ్రత, చిన్న మరమ్మతులు, అన్నీ కలిపి నలభై వేల లోపే తేలింది. కనీస మొత్తం, దాని మీద పిల్లల లెక్క అన్న మాటను తీర్మానంలో పెడతాం. కరెంటు విషయం కూడా చేరుస్తాం. తల్లికి వందనంలో మినహాయించిన రెండు వేల గురించి మాత్రం ఇంకా తెలియలేదు. దాన్ని సమాచార హక్కు కింద అడగవచ్చా? తల్లులందరం కలిసి సంతకాలు పెట్టాలా?

జవాబు 5
రాసినవారు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

అడగవచ్చమ్మా. దరఖాస్తు కమిటీ పేరుతో కాకుండా ఒక పౌరురాలిగా మీ సొంత పేరుతో పెట్టండి, అప్పుడు తిరస్కరించడానికి సాకు ఉండదు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉంటే దాని నకలు జత చేయండి, అదీ కట్టనవసరం లేదు. ఎందుకు ఇవ్వలేదని అడగవద్దు. మీ బడి గుర్తింపు సంఖ్య అయిన యూడైస్ కోడ్ రాసి, ఫలానా విద్యా సంవత్సరంలో ఈ బడి పిల్లల పేరున నిర్వహణకు మినహాయించిన మొత్తం ఎంత, అందులో ఈ బడికి విడుదలైనది ఎంత, ఏ తేదీన, ఏ పద్దు కింద అని మాత్రమే అడగండి. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. శనివారం తీర్మానం అయ్యాక మూడు ప్రతులు తీయించి, ఒక ప్రతి మీద ఎంఈఓ కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకుని బడి బీరువాలో ఉంచండి. మీకు అభ్యంతరం లేకపోతే ప్రణాళిక చిత్తుప్రతి ఇక్కడ పెట్టండి, పద్దుల వరస నేను సరిచూసి ఇస్తాను.